టైమ్‌వర్మ్ : రెవలేషన్ – ఒక వివాదాస్పద నవలా పరిశీలనము

ఒకరు కల్పించిన ప్రసిద్ధ కథను ఆధారముగా గొని మఱియొకరు వ్రాసిన కథకు సాహిత్యములో స్థానమెట్టిది అను ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. వ్యాసభారతములో శశిరేఖ లేదు. బలరాముని కూతురు నభిమన్యుడు పెండ్లాడిన వృత్తాంతము మూలమున నెక్కడను కానరాదు. అయినను ఆ గాథ జనుల నోటను, రంగస్థలము మీదను పెరిగి, 1957లో 'మాయాబజార్' చలనచిత్రమై తెలుగువారి యింటింటి కథ యయినది. అది మూలములో లేదు గదా యని దానిని త్రోసిపుచ్చినవారు లేరు. ఘటోత్కచుడెవరో, కృష్ణుని చతురత యెట్టిదో ప్రేక్షకులకు ముందే తెలిసియుండుట ఆ కథకు లోపము కాలేదు సరికదా, బలమే యయినది.

ఇట్టి ప్రశ్నయే ఇంగ్లండు దేశములో 1991వ సంవత్సరాంతమున ఒక చిన్న నవలను గూర్చి తలయెత్తినది. ఆ నవల పేరు 'టైమ్‌వర్మ్ : రెవలేషన్'. రచయిత పాల్ కార్నెల్. అప్పటికాతని వయస్సు ఇరువదినాలుగేండ్లు. ఇది యాతని ప్రథమ నవల. దీనిని తలకెత్తుకొన్నవారును, చదువలేక మూసివేసినవారును సమముగ నుండిరి. ఏ గుణములను బట్టి కొందరు మెచ్చిరో ఆ గుణములను బట్టియే మఱికొందరు నిరసించిరి. ఒక కృతి యిట్లు పాఠకలోకమును రెండుగా చీల్చినప్పుడు, ఆ చీలికకు కారణము కృతిలో నున్నదా, పాఠకుల యపేక్షలో నున్నదా యని విచారించుట విమర్శకు తగిన పని.

నవలకు పూర్వరంగము

'డాక్టర్ హూ' అను ధారావాహిక బి.బి.సి. టెలివిజన్‌లో 1963 నవంబరు 23వ తేదీన ప్రారంభమయినది. అందలి నాయకుడు మానవుడు కాడు. అన్యగ్రహవాసి. 'డాక్టర్' అను బిరుదమే తప్ప వేఱు పేరెరుగము. ఆతని వాహనము టార్డిస్. అది వెలుపలికి నీలిరంగు పోలీసు పెట్టెవలె కనిపించును. లోపల మహాసౌధమంత విశాలముగ నుండును. దేశకాలములను దాటి పోగలదు. నాయకునకు మరణము సమీపించినపుడు ప్రాణము పోదు, రూపము మారును. 1966లో మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ తప్పుకొన్నప్పుడు కథ నిలిచిపోకుండ నుండుటకై కల్పించిన యీ యుపాయము, కాలక్రమమున ఆ కథకే ప్రాణమైనది. 1989 నాటికి ఏడుగురు నటులు ఒకరి తరువాత నొకరుగా ఆ పాత్రను ధరించిరి. రూపమొక్కటి, స్వభావమొక్కటి మారినను స్మృతి యొక్కటే. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ప్రస్తుత నవల యంతయు ఆ స్మృతి మీదనే నిలిచియున్నది.

1989 డిసెంబరు 6వ తేదీన ధారావాహిక చివరి భాగము ప్రసారమయినది. అటుపిమ్మట దానిని కొనసాగించువారు లేకపోయిరి. ఏడవ డాక్టరుగా సిల్వెస్టర్ మెకాయ్, ఆతని సహచరిగా పెరివేల్ అను లండన్ శివారు పల్లెకు చెందిన ఏస్ అను యువతి (అసలు పేరు డరతీ) యప్పటి ప్రధానపాత్రలు. ప్రసారము నిలిచిపోయిన పిదప, వర్జిన్ అను ప్రచురణ సంస్థ 1991 జూన్ మాసము నుండి ఆ పాత్రలతోనే క్రొత్త నవలలను ప్రకటింపసాగినది. అంతకు ముందు వెలువడిన పుస్తకములు చాలవరకు టెలివిజన్ కథలను గద్యమున తిరిగి చెప్పినవి. ఇవి యట్లు కావు. తెరమీద లేని కథలు. బొమ్మ ఆగిపోయినచోట అక్షరము నడక సాగించినది. ఈ శ్రేణిలో 1997 వరకు 61 నవలలు వెలువడినవి.

ఈ శ్రేణిలో మొదటి నాలుగు నవలలు ఒకే కథాసూత్రమునకు కట్టుబడినవి. వాటి నామములు జెనెసిస్, ఎక్సోడస్, అపోకలిప్స్, రెవలేషన్. క్రైస్తవ గ్రంథపరిచయము గల తెలుగు పాఠకుడు వీనిలో ఆదికాండమును, నిర్గమకాండమును, ప్రకటన గ్రంథమును వెంటనే గుర్తించును. మొదటి నవల గిల్గమేషు నాటి మెసపటేమియాలోను, రెండవది నాజీలు జయించిన 1951 నాటి లండన్‌లోను, మూడవది సుదూర భవిష్యత్తులోను నడచును. ఒక్కొక్క దానిలో 'టైమ్‌వర్మ్' అను కాలసర్పమును డాక్టర్ వెంటాడును. భూతకాలము, వికృతమైన చరిత్ర, భవిష్యత్తు – మూడును ముగిసినవి. ఇక నాలుగవదానికి మిగిలిన చోటేది? కార్నెల్ చూపిన సమాధానము సాహసోపేతమైనది. వేటగాడు వెదకుచున్న సర్పము వేటగాని మనస్సులోనే దాగియున్నది.

కథాసంగ్రహము

నార్‌ఫోక్ మండలమున చెల్డన్ బానిఫేస్ అను చిన్న గ్రామము, క్రిస్మస్ సమయము. ఆ యూరి చర్చిలో సాల్ అను నొక చైతన్యము చిరకాలముగా నెలకొనియున్నది. అది మనుష్యులతో మాటలాడును. ఆ యూరి పాస్టరు ట్రెలా, పీటర్, ఎమిలీ హచింగ్స్ అను దంపతులు ఈ వింతను వింతగా గాక, ఇరుగుపొరుగువారి పరిచయమువలె స్వీకరింతురు.

ఇక నొకచోట, ఏస్ చిన్ననాట చదివిన పాఠశాల ఆవరణ. ఛాడ్ బాయిల్ అను తోటి బాలుడు ఆమెను వేధించెడివాడు. చరిత్ర వికటించినది. ఆ బాలుడు ఇటుకతో కొట్టగా చిన్నారి డరతీ అచ్చటనే మరణించును. మరణించిన బాలిక పెద్దదై డాక్టర్‌తో తిరుగుచున్నదెట్లు? ఈ వైరుధ్యముతోనే నవల ఆరంభమగును.

టార్డిస్ దిగిన గ్రామము గ్రామము కాదు. చంద్రతలము మీద నెలకొల్పిన యనుకరణము. ఆ మాయ తొలగగానే గాలి లేని ఆ శూన్యమున ఏస్ ఊపిరాడక పడిపోవును. ఆమె కన్నులు తెరచిన చోటు నరకమువలె తోచును. అది డాక్టర్ అంతరంగము. అసలు చర్చి భవనము భవనముగనే చంద్రుని మీదికి తరలివచ్చును. అందున్నవారు తమ శక్తికొలది ఆమెకు తోడ్పడుదురు. ఎమిలీకి గల అతీంద్రియ శక్తి అప్పుడు బయటపడును.

ఆ అంతరంగమున పూర్వ డాక్టర్లు నివసించుచున్నారు. మొదటి డాక్టర్ గ్రంథాలయ పాలకుడు. గతములో ఆతని వెంట నుండి మరణించిన సహచరులు – 1965–66 నాటి ధారావాహికలో నశించిన కటరీనా, సారా కింగ్‌డమ్, 1982లో నశించిన అడ్రిక్ – అచ్చట నీడలై తిరుగుచుందురు. అన్నిటి యడుగున, ఒక చెట్టుకు కట్టివేయబడి ఐదవ డాక్టర్ ఉన్నాడు. ఆతడే నాయకుని అంతరాత్మ. కట్టివేసినది టైమ్‌వర్మ్ కాదు, నాయకుడే. లోకరక్షణ యను పేర కఠిన కార్యములు చేయవలసి వచ్చినపుడు, అడ్డుచెప్పు అంతరాత్మను ఆతడే బంధించి లోతులలో దాచినాడు. ఏస్ ఆ కట్లు విప్పును. తుదకు సర్పమును సంహరించుట జరుగదు. దాని చైతన్యము ఒక పసికందు దేహములో ప్రవేశపెట్టబడును. హచింగ్స్ దంపతులు ఆ బిడ్డను ఇష్టార్ అను పేర పెంచుకొందురు.

ఆక్షేపణలు

ఈ కథను చదివినవారిలో ప్రతికూలుర వాదములు స్థూలముగ నాలుగు.

మొదటిది : ఇది వైజ్ఞానిక కల్పన కాదు, స్వప్నము. చర్చి కెట్లు చైతన్యము కలిగినది, చనిపోయిన యువతి యొకరి మనస్సులో నెట్లు నడచినది యను ప్రశ్నలకు శాస్త్రసమ్మతమైన సమాధానము లేదు.

రెండవది : ఇది క్రొత్తవారికి దుర్గమము. ముప్పది సంవత్సరముల నాటి కథలను, పాత్రలను ఎరుగనివానికి సగము పుటలు మూసిన తలుపులే.

మూడవది : టెలివిజన్ కథలో నాయకుడు బాలురకు ధైర్యము చెప్పు మిత్రుడు. ఇచ్చట ఆతడు అపరాధభావముతో కుములువాడు. ఈ మార్పు మూలమునకు ద్రోహము.

నాలుగవది : గద్యము అతిగా భావావేశపూరితము, చిత్రములు ఒకదానిపై నొకటి పడి కథాగమనమును అడ్డగించును.

ఈ వివాదము ఆ యొక్క నవలతో ముగియలేదు. ఈ శ్రేణి పాఠకులలో సంప్రదాయవాదులకు 'ట్రాడ్' అనియు, నవ్యవాదులకు 'రాడ్' అనియు ముద్దుపేర్లు ఏర్పడినవి. పాతకథవలె నడచిన కథయే కథ యని యొక వర్గము. పాతకథ చేయలేని దానిని చేసినదే కథ యని మఱొక వర్గము. రెవలేషన్ రెండవ వర్గమునకు తొలిజెండా వంటి దయినది.

పరిశీలనము

మొదటి ఆక్షేపణను గూర్చి. నవలలోని లోకము స్వప్నమువలె నున్నమాట నిజము. కాని స్వప్నము నియమరహితము కాదు. యోగవాసిష్ఠమున గాధి యను బ్రాహ్మణుడు నీట మునిగిన క్షణములో వేఱొక జన్మ మంతయు అనుభవించి, ఒడ్డునకు వచ్చి, ఆ తరువాత ఆ ప్రదేశములకు వెళ్లి చూడగా అన్నియు నిజముగనే కానవచ్చును. అచ్చట పాఠకుడు 'ఇది యెట్లు సాధ్యము?' అని యడుగడు. 'దీనివలన గాధి యేమి తెలిసికొనెను?' అని యడుగును. కార్నెల్ నవలకు కూడ అడుగవలసిన ప్రశ్న యదియే. అంతరంగలోకమునకు ఆతడు ఒక నియమమును కల్పించి దానిని తుదివరకు పాటించినాడు : నాయకుడు దేనిని మరువగోరునో అది యంత లోతుగ నుండును. పైపొరలో గ్రంథాలయము, అనగా జ్ఞానము. దాని క్రింద మృతులైన మిత్రులు, అనగా అపరాధము. అన్నిటి క్రింద బంధింపబడిన అంతరాత్మ. ఏస్ దిగిన ప్రతి మెట్టును నాయకుని యొక యసత్యమును దాటుటయే. ఇది క్రమము లేని స్వప్నము కాదు. క్రమము గల పాతాళయాత్ర.

తెలుగులో ఈ విషయమున తలచుకొనదగిన గ్రంథము పింగళి సూరన 'కళాపూర్ణోదయము'. బ్రహ్మ సరస్వతికి ఏకాంతమున చెప్పిన కథ, పిదప పాత్రలుగ రూపుదాల్చి లోకమున జరుగును. చెప్పినది ముందో, జరిగినది ముందో తేల్చుకొనుటకు పాఠకుడు గ్రంథాంతమువరకు వేచియుండవలెను. పదునారవ శతాబ్దపు తెలుగు పాఠకుడు సహించి యానందించిన యీ చిక్కుముడిని, ఇరువదవ శతాబ్దపు ఆంగ్ల పాఠకుడు అర్థము కాలేదని త్రోసిపుచ్చుట సబబు కాదు. అయితే సూరన ముడులన్నియు తుదకు ఒక్కొక్కటిగ విప్పును. కార్నెల్ కొన్నింటిని విప్పక వదలును. ఈ భేదమును కూడ ఒప్పుకొనవలెను.

రెండవ ఆక్షేపణలో న్యాయము కలదు. కటరీనా యెవరో తెలియనివానికి ఆమె నీడ కేవలము నీడయే. కాని పాఠకునకు పూర్వజ్ఞానము కావలసియుండుట దోషమయినచో, ప్రబంధములలో సగము దోషభూయిష్ఠములే యగును. పరిశీలింపవలసినది వేఱొకటి : రచయిత ఆ పూర్వజ్ఞానమును అలంకారముగ వాడెనా, అవసరముగ వాడెనా? అడ్రిక్ మరణము 1982లో ప్రసారమయినప్పుడు బాలప్రేక్షకులు దుఃఖించిరి. కథ తరువాతి సాహసమునకు సాగిపోయినది. నాయకుడు మాత్రము దానిని మోయుచునే యుండవలెను గదా యని యడిగినవాడు కార్నెల్. వారమువారము క్రొత్త కథ చెప్పవలసిన టెలివిజన్‌కు ఆ ప్రశ్న యడుగుటకు తీరిక లేదు. నవలకు కలదు. కనుక యిచ్చట పూర్వస్మృతి యలంకారము కాదు; విషయమే యది.

మూడవ ఆక్షేపణము అన్నిటికంటె గట్టిది, అయినను నిలువదు. నాయకుని స్వభావమును కార్నెల్ మార్చలేదు. 1989లో ప్రసారమయిన 'ఘోస్ట్ లైట్' కథలో డాక్టర్, ఏస్ బాల్యమున భయపడి తగులబెట్టిన ఇంటికే ఆమెను తెలియనీయక తీసికొనిపోవును. అదే సంవత్సరపు 'ద కర్స్ ఆఫ్ ఫెన్రిక్' కథలో, శత్రువును జయించుటకై ఆమెకు తనపై గల నమ్మకమును చేతులార భగ్నము చేయును. తెరమీద ఈ కార్యములు జరిగినవి. వాటి మూల్యము లెక్కింపబడలేదు. చదరంగపు పావులవలె మిత్రులను నడపువాడు తన్ను తాను మిత్రుడనని యెట్లు చెప్పుకొనగలడు? మూలములో నున్న యీ ప్రశ్నను మూలము విడిచిన చోటనే కార్నెల్ అందుకొన్నాడు. దానికి సమాధానమును ఆతడు నాయకుని చేత గాక, నాయకునిచే వాడబడిన యువతి చేత చెప్పించినాడు. కట్లు విప్పునది ఏస్. ఆమె యిచ్చట రక్షింపబడునది కాదు, రక్షించునది. ద్రోహమని తలచిన దానిని ఋణము తీర్చుకొనుట యని చెప్పుట యుచితము.

ఛాడ్ బాయిల్ పాత్ర ఇందుకు తోడ్పడును. విశ్వమును కబళించు సర్పమునకు చేతి పనిముట్టుగ రచయిత యెన్నుకొన్నది ఒక రాక్షసుని కాదు. బడిలో తోటి పిల్లను ఏడిపించు బాలుని. పెద్దలకు అల్పముగ తోచు బాల్యక్రౌర్యము, పిల్లలకు ప్రాణాంతకముగ తోచును. ఆ భయము పెద్దయిన తరువాతను మనస్సులో నొక మూల మిగిలియుండును. నక్షత్రమండలముల నడుమ నడచు కథలో ఒక యిటుక, ఒక బడి యావరణ, ఒక యేడుపు – ఇవి యే యంతరిక్షయుద్ధముకంటెను ఎక్కువగా పాఠకుని కలవరపెట్టును. ఈ నవలలో అత్యుత్తమమైన కల్పన యిదియే యనవచ్చును.

ముగింపు గూడ గమనింపదగినది. పూర్వ నవలలు మూడింటను వెంటాడబడిన సర్పము తుదకు పసిబిడ్డ యగును. నాయకుని అంతరాత్మ విడుదలయిన పిదప సంహారము సరియైన ముగింపు కాజాలదు. కారణమునుండి కార్యము పుట్టినట్లు, అంతరాత్మ విముక్తి నుండి దయ పుట్టినది. చర్చి యొక దండనాస్థానముగ గాక, ఆశ్రయముగ నిలిచినది. కథలో అద్భుతములు పెక్కు కలవు. కాని యీ యొక్కచోట అద్భుతము నీతితో ఏకమయినది.

లోపములు

గుణములను చెప్పి దోషములను దాచుట విమర్శ కాదు. 'ఎక్సోడస్' నవల నుండి తెచ్చిన నాజీపక్షపు సైన్యాధికారి హెమింగ్స్ ఇచ్చట కూడ క్రౌర్యమునకు గుర్తుగా నిలిచినాడే కాని మనుష్యుడుగ ఎదుగలేదు. బాయిల్ వంటి సూక్ష్మచిత్రణము ప్రక్కన ఈ పాత్ర మోటుగ కానవచ్చును. చర్చి వాసుల కథయు అంతరంగయాత్రయు చాలకాలము వేఱువేఱుగ నడచుటచే నడుమ కొన్ని పుటలు సడలినవి. నాలుగవ ఆక్షేపణము ఇచ్చట కొంతవరకు చెల్లును : ఒక చిత్రము పాఠకుని మనస్సున కుదురుకొనకముందే మఱొకటి వచ్చును. తొలి నవల వ్రాయుచున్న యువకుడు, మఱల అవకాశము రాదేమో యన్నట్లు తనకున్నదంతయు ఇందులోనే కుమ్మరించినాడు. సంయమమును ఆతడు పిదప నేర్చినాడు. 1995లో వ్రాసిన 'హ్యూమన్ నేచర్' నవలలో నాయకుడు తన స్వరూపమునే మరచి ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా బ్రదుకును. అచ్చట కథ ఒకటే, చిత్రము ఒకటే, ప్రశాంతత మిక్కిలి. రెవలేషన్ లేనిదే ఆ పరిణతి లేదు. కాని పరిణతి యచ్చటిదే.

ఉపసంహారము

2005లో 'డాక్టర్ హూ' టెలివిజన్‌కు తిరిగివచ్చినది. దానిని పునరుద్ధరించిన రసెల్ టి. డేవీస్, ఈ నవలాశ్రేణిలోనే 1996లో 'డామేజ్డ్ గూడ్స్' అను నవల వ్రాసినవాడు. 2005లోనే పాల్ కార్నెల్ 'ఫాదర్స్ డే' అను కథను తెరకు వ్రాసెను. 2007లో ఆతని 'హ్యూమన్ నేచర్' నవల రెండు భాగముల కథయై ప్రసారమయినది. సహచరుల దుఃఖము, నాయకుని అపరాధభావము తెరమీది కథకు క్రొత్త యూపిరి యయినవి. ఒకనాడు మూలమునకు ద్రోహమన్నదే నేడు మూలములో భాగమయినది.

పదునారేండ్లకాలము – నడుమ 1996లో వచ్చిన యొక్క చలనచిత్రము తప్ప – ఆ కథకు సొంతగడపలో చోటు లేదు. దానిని ప్రేమించినవారు పుస్తకముల పుటలలో నిలిపిరి. సొంతగడపకు దూరమున నిలిచిన కథ యేమగునో, ఆంధ్రదేశము వెలుపల తరతరములుగ స్థిరపడిన తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. తంజావూరు రాజుల నాట తమిళదేశమున వర్ధిల్లిన తెలుగు యక్షగానములు, మెలట్టూరు భాగవతమేళములో ఇప్పటికిని ప్రదర్శింపబడు వేంకటరామశాస్త్రి తెలుగు నాటకములు అందుకు సాక్ష్యములు. ప్రహ్లాదుని కథ వారికి క్రొత్తది కాదు. క్రొత్తగ చెప్పుటయే వారి కృషి. ఉన్నదానిని ఉన్నట్లు కాపాడుట యొక భక్తి. ఉన్నదానిలో ఇంతవరకు అడుగని ప్రశ్న నడుగుట మఱొక భక్తి. మొదటిది లేనిచో కథ నిలువదు. రెండవది లేనిచో కథ యెదుగదు.

'టైమ్‌వర్మ్ : రెవలేషన్' రెండవ భక్తికి చెందిన గ్రంథము. ఇది యందరికిని నచ్చదు. నచ్చవలసిన పనియు లేదు. అర్థము కాలేదని ఒకసారి మూసినవారు, కట్టివేయబడిన అంతరాత్మ యున్న ఆ చెట్టువరకు ఏస్ వెంట నడచి చూచినచో, తమ తీర్పును మార్చుకొనకపోవచ్చును గాని తొందరపడితిమని మాత్రము తలంతురు. వివాదాస్పదమైన గ్రంథమునకు ఆపాటి న్యాయము చాలును.